ఒకే రౌటర్ కింద నాలుగు ఇంటర్నెట్ ఫోన్లు: సమస్యలు, పరిష్కారాలు

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి చేసే ఒంగోలు ఆఫీసు ఒకటి అనుకోండి. ఒక్క ఇంటర్నెట్ ఫోన్ ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. రెండోది, మూడోది తగిలించాకే గొడవ మొదలవుతుంది.

సమస్య: మేనేజర్ ఫోన్ మోగుతుంది, అకౌంట్స్ ఫోన్ మోగదు.
కారణం: పోర్టు అంటే డేటా వచ్చిపోయే నంబరున్న తలుపు. మామూలుగా ఫోన్లన్నీ 5060 పోర్టుతోనే వస్తాయి. బయటి నుంచి 5060కి వచ్చినదాన్ని రౌటర్ లోపల ఒక్క ఫోన్‌కే పంపగలదు. అదే పోర్టుకు రెండో రూల్ (ఏ పోర్టుకు వచ్చినది ఏ ఫోన్‌కి పంపాలో రౌటర్‌కి చెప్పే పోర్ట్ ఫార్వర్డింగ్ సెట్టింగ్) రాసినా లాభం లేదు.
పరిష్కారం: ఫోన్‌కొక పోర్టు ఇవ్వండి: 5060, 5062, 5064, 5066. మార్చాల్సింది ఫోన్‌లోని ‘లోకల్ సిప్ పోర్ట్’ (సిప్ అంటే కాల్ కలిపే పద్ధతి). చాలామంది పక్కనే ఉన్న సర్వర్ పోర్టు (ఫోన్ సర్వీసు ఇచ్చే ప్రొవైడర్ వైపు పోర్టు) మార్చేస్తారు, దాంతో ఉన్న ఫోన్ కూడా ఆగిపోతుంది. తర్వాత రౌటర్‌లో ప్రతి ఫోన్‌కీ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబరు) రిజర్వ్ చేసి, దాని పోర్టుకు ఒక రూల్ రాయండి. రిజర్వ్ చేయకపోతే కరెంటు పోయి వచ్చాక అడ్రస్‌లు తారుమారై, ఒకరి రూల్ ఇంకొకరి ఫోన్‌కి పోవచ్చు.

సమస్య: కాల్ కలుస్తుంది, మన మాట అవతలికి వెళ్తుంది, వాళ్ల మాట మనకు రాదు.
కారణం: కాల్ కలిపేది సిప్, మాట మోసేది ఆర్‌టీపీ. మాటకు వేరే యూడీపీ (డేటా పంపే ఒక పద్ధతి) పోర్టులు కావాలి.
పరిష్కారం: ఒక ఫోన్‌కి 10000-10049, ఇంకోదానికి 10100-10149, ఇలా ఒకదానిలో ఒకటి కలవకుండా ఇచ్చి, అవే నంబర్లు రౌటర్‌లోనూ రాయండి. ఫోన్‌లో స్టన్ (ఫోన్‌కి తన బయటి అడ్రస్ తెలిపే సదుపాయం) కూడా ఆన్ చేయండి. లేకపోతే అది తన లోపలి అడ్రస్‌నే అవతలికి చెప్పొచ్చు.

సమస్య: ఎత్తిన కాల్ దాదాపు 32 సెకన్లకు కట్ అవుతుంది.
కారణం: కాల్ ఎత్తినట్టు పంపిన కబురుకు జవాబు అందలేదు. తరచుగా దీని వెనక ఉండేది రౌటర్‌లోని సిప్ ఏఎల్‌జీ (సిప్ కబుర్లను మధ్యలో మార్చే సదుపాయం).
పరిష్కారం: దాన్ని ఆఫ్ చేయండి. నన్నడిగితే, ఒక్క రూల్ కూడా రాయకముందే చేయాల్సిన పని ఇది.

సమస్య: ఎన్ని రూల్స్ రాసినా ఏదీ పనిచేయదు.
కారణం: రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు రౌటర్ అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీకు సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల అడ్రస్) లేనట్టే.
పరిష్కారం: ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీని స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ అడ్రస్) అడగండి. లేదా ఫోన్‌లో కీప్ అలైవ్ (రౌటర్‌లో దారి మూసుకుపోకుండా ఫోన్ పంపే చిన్న సంకేతం) 30 సెకన్లకు పెట్టండి. ఫోన్లు ప్రొవైడర్ సర్వర్‌లోనే రిజిస్టర్ అయితే చాలాసార్లు దీంతోనే పని జరిగిపోతుంది, పోర్టులు తెరవక్కర్లేదు.

తెరవక తప్పకపోతే మాత్రం సిప్ పోర్టులను ప్రొవైడర్ సర్వర్ ఐపీకే పరిమితం చేయండి. లోకమంతటికీ తెరిస్తే తెరిచి ఉన్న పోర్టులను వెతికే స్కానర్ ప్రోగ్రాములు వచ్చి తడతాయి, అర్ధరాత్రి ఫోన్ ఊరికే మోగుతుంది. ఆఫీసులో సొంత పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజి) ఉండి పాస్‌వర్డ్ బలహీనంగా ఉంటే, ఎవరో చేసుకున్న ఐఎస్‌డీ కాల్స్ బిల్లు మీ నెత్తిన పడుతుంది.

చివరగా, రెండు ఫోన్లకు ఒకేసారి రెండు సెల్‌ఫోన్ల నుంచి కాల్ చేయించి, నిమిషం దాటేదాకా ఇరువైపులా మాట్లాడి చూడండి.