అదనపు క్రోమోజోము – 4వ పాఠం: 44 కనబడగానే నమ్మకండి

కిందటి పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. గోధుమలో 42 క్రోమోజోములు, రై ధాన్యంలో 14. ఈ రెండింటినీ కలిపితే పుట్టే మొక్కలో ఎన్ని ఉంటాయి? అది గింజ కడుతుందా?

గోధుమ నుంచి 21, రై నుంచి 7, మొత్తం 28. గింజ దాదాపుగా కట్టదు. ఆ 28లో ఏ ఒక్కదానికీ జత లేదు. క్షయకరణ విభజనలో, అంటే పుప్పొడీ అండమూ తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సగానికి తగ్గే విభజనలో, ఒక్కొక్కటి ఎటు పడితే అటు పోతుంది కాబట్టి, పుప్పొడిలోకీ అండంలోకీ పూర్తి సెట్టు చేరడం చాలా అరుదు. ఆ గొడ్డు మొక్క నుంచే ఈ పాఠం మొదలు. గోధుమ 42 చెక్కుచెదరకుండా ఉండి, పైన రై క్రోమోజోము ఒకే ఒక్క జత చేరిన మొక్కను, అంటే అడిషన్ లైన్‌ను, ఎలా రాబట్టాలో చూద్దాం.

ఇంత శ్రమ ఎందుకంటే, రైలో ఉన్న ఏడు రకాల క్రోమోజోముల్లో ఏది ఏ పని చేస్తుందో రై మొక్కను చూసి చెప్పలేం. అన్నీ కలిసే పనిచేస్తుంటాయి. ఒక్కొక్కదాన్నీ విడిగా గోధుమలో పెడితే, మామూలు గోధుమకూ ఈ గోధుమకూ ఉన్న తేడా అంతా ఆ ఒక్క క్రోమోజోముదే అవుతుంది. ఈ పద్ధతిని అమెరికాలో ఓమారా 1940లో ప్రకటించాడు. ఇప్పుడు మనం నడవబోయేది ఆయన వేసిన దారిలోనే.

మొదటి మెట్టు: 28 నుంచి 56

తల్లి మొక్కగా చైనీస్ స్ప్రింగ్ అనే గోధుమ రకాన్ని తీసుకోండి. సిచువాన్ ప్రాంతపు నాటు గోధుమ ఇది. పొలంలో దిగుబడికి పనికిరాదు, తెగుళ్లను తట్టుకోలేదు. కానీ రై పుప్పొడిని సులువుగా ఒప్పుకుంటుంది. చాలా గోధుమల్లో ఆ పుప్పొడిని అడ్డుకునే జన్యువులు, ముఖ్యంగా 5బి, 5ఎ అని పేరు పెట్టిన గోధుమ క్రోమోజోముల మీద ఉంటాయి. చైనీస్ స్ప్రింగ్‌లో ఆ అడ్డు లేదు.

సంకర మొక్క పిలకలు వేసే దశలో దానికి కాల్చిసిన్ ఇవ్వాలి. కణవిభజనలో క్రోమోజోములను రెండు వైపులకు లాగే పోగులు కాల్చిసిన్ వల్ల ఏర్పడవు. క్రోమోజోములు రెట్టింపవుతాయి గానీ కణం రెండుగా చీలదు. 28 కాస్తా 56 అవుతాయి. ప్రతి క్రోమోజోముకూ తన నకలే జతగా దొరుకుతుంది కాబట్టి మొక్క గింజ కడుతుంది. మన అడవినాభి దుంపలో ఉండేదీ ఈ కాల్చిసినే. ప్రాణం తీసే విషం. చేతి తొడుగులు లేకుండా, పక్కన అనుభవమున్నవారు లేకుండా దీన్ని ముట్టుకోవద్దు.

రెండో మెట్టు: 56 నుంచి 49

ఈ 56 మొక్కను మళ్లీ గోధుమతో కలపండి. అటు నుంచి 28 (గోధుమవి 21, రైవి 7), ఇటు నుంచి 21, మొత్తం 49. ఇందులో గోధుమ క్రోమోజోములు 21 జతలు కడతాయి. రైవి ఏడూ ఒంటరివి. ఇక్కడ చెప్పుకోవలసింది ఇంతే.

మూడో మెట్టు: 49 నుంచి 43

49 మొక్కను తల్లిగా పెట్టి మరోసారి గోధుమ పుప్పొడి వేయండి. తండ్రిగా పెట్టకూడదు. రై క్రోమోజోములు అదనంగా ఉన్న పుప్పొడి, సరిగ్గా 21 ఉన్న పుప్పొడితో పోటీపడి ఓడిపోతుంది. అండానికి ఆ పోటీ లేదు.

ఒక్కో రై క్రోమోజోము అండంలోకి చేరే అవకాశం ఎంత? సగం అనిపిస్తుంది. నిజానికి అంతకంటే తక్కువ. జత లేని క్రోమోజోము విభజనలో వెనకబడి, చాలాసార్లు ఏ కేంద్రకంలోకీ చేరకుండా నశిస్తుంది. అందుకని లెక్కకు పావు వంతు అనుకుందాం. ఏడింటిలో ఒకటి చేరి, మిగతా ఆరు పోవాలి. 3/4ను ఆరుసార్లు హెచ్చవేస్తే 0.178. దాన్ని 1/4తో, మళ్లీ 7తో హెచ్చవేస్తే 0.31. అంటే వంద గింజల్లో 31 మొక్కలు మనకు కావలసిన 43వి (గోధుమవి 42, రైది ఒకటి). సగం చొప్పున చేరి ఉంటే? 128లో 7, వందకు ఐదున్నర కూడా రావు. క్రోమోజోములు పోవడం ఇక్కడ మనకు మేలే చేస్తోంది.

ఇప్పుడు రెండు రై క్రోమోజోములు చేరే అవకాశాన్ని మీరే కట్టి చూడండి. ఏడింటిలో రెండింటిని 21 రకాలుగా ఎంచవచ్చు. 21 × 1/16 × (3/4 ఐదుసార్లు). అదీ 0.31కే వస్తుంది! అంటే మీ తోటలో 43 మొక్కలు ఎన్నో, 44 మొక్కలూ దాదాపు అన్నే. కానీ ఆ 44లు మనకు కావలసిన 44లు కావు. రెండు వేర్వేరు రై క్రోమోజోములు ఒక్కొక్కటి చొప్పున ఉన్నవి. మనకు కావలసింది ఒకే రకం, రెండు. సంఖ్య చూసి మోసపోయే చోటు ఇదే.

నాలుగో మెట్టు: 43 నుంచి 44

43 మొక్కను దానితోనే ఫలదీకరణ చెందనివ్వండి. వెన్ను బయటికి రాగానే సంచి కట్టడం మరవకండి. పావు వంతు అండాల్లోకి ఆ రై క్రోమోజోము చేరుతుంది. పుప్పొడి ద్వారా చేరేది చాలా తక్కువ. క్రోమోజోమును బట్టి మారుతుంది గానీ, లెక్కకు నూటికి నాలుగు అనుకుందాం. రెండూ ఒకేసారి జరగాలి కాబట్టి నూటికి ఒక మొక్క. కనీసం ఒక్కటైనా దొరుకుతుందని నూటికి 95 పాళ్ల నమ్మకం కావాలంటే ఎన్ని గింజలు చూడాలి? 0.99ని ఎన్నిసార్లు హెచ్చవేస్తే 0.05కు దిగుతుందో అన్ని. దాదాపు 300. వంద విత్తితే చాలనుకుని కూర్చున్నవాళ్లు మూడింట ఒక వంతుకు పైగా ఖాళీ చేతులతో మిగులుతారు.

స్లైడు చదవడం

ముందు వేరు కొన. గింజ మొలకెత్తి, వేరు ఒకటి రెండు సెంటీమీటర్లు సాగాక కోసి, మంచునీటిలో ఒక రోజు ఉంచండి. క్రోమోజోములు పొట్టిగా మారి విడివిడిగా కనబడతాయి. తర్వాత మూడు పాళ్ల ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో స్థిరపరచి, రంగు వేసి, గాజు పలకల మధ్య నొక్కండి. 44 వచ్చిన మొక్కకు గుర్తు పెట్టుకోండి. అది రుజువు కాదు, అనుమానం మాత్రమే.

రుజువు పరాగకోశంలో ఉంటుంది. మొక్క పొట్ట దశలో ఉండగా వెన్నును జాగ్రత్తగా తీయండి. గోధుమ పువ్వులో పరాగకోశాలు మూడు. మూడూ దాదాపు ఒకే దశలో ఉంటాయి కాబట్టి, ఒకదాన్ని నొక్కి చూసి దశ సరిపోతేనే మిగతా రెండింటినీ వాడుకోండి. మెటాఫేజ్ 1 కావాలి, అంటే క్షయకరణ విభజనలో జతలు కణం మధ్యలో వరస కట్టే దశ. ఎక్కువ కణాల్లో 22 జతలు కనబడితే అది నిజమైన అడిషన్ లైన్. 21 జతలు, రెండు ఒంటరివి ప్రతి కణంలోనూ కనబడితే అవి రెండు వేర్వేరు రై క్రోమోజోములు.

‘ఎక్కువ కణాల్లో’ అని ఊరికే అనలేదు. అసలైన అడిషన్ లైన్‌లోనూ ఆ రై జత కొన్ని కణాల్లో విడిపోయి ఒంటరిగా కనబడుతుంది. ఒకటి రెండు కణాలు చూసి మొక్కను పారేస్తే, అది మీరు 300 గింజల్లో వెతికి పట్టుకున్న మొక్క కావచ్చు. కనీసం యాభై కణాలు లెక్కపెట్టమని నేను గట్టిగా చెబుతాను.

వేర్వేరు రై క్రోమోజోములు ఒకదానితో ఒకటిగానీ, గోధుమవాటితోగానీ ఎందుకు జతకట్టవు? గోధుమ 5బి పొడవు భుజం మీద ఉన్న పీహెచ్1 అనే జన్యువు వల్ల. రైలీ, చాప్‌మన్ ఒక వైపు, సియర్స్, ఒకమోటో మరో వైపు, ఇద్దరు ఇద్దరూ 1958లోనే దీన్ని బయటపెట్టారు. అది ఉన్నంతకాలం అచ్చమైన జతలే కలుస్తాయి. మన పరీక్ష నిలబడింది దాని మీదే.

ఏడింటిలో ఏది?

కొన్నిటిని కంటితోనే పట్టుకోవచ్చు. వెన్నుకు దిగువన కాడ మీద నూగు ఉంటే 5ఆర్ ఉన్నట్టు (ఆర్ అంటే రైది అని). 1ఆర్ ఉంటే గింజలోని ప్రోటీన్లలో రైకే ప్రత్యేకమైన సెకాలిన్లు కనబడతాయి. మిగతావాటికి సి-బ్యాండింగ్: రై క్రోమోజోముల కొసలు ముదురుగా రంగు పడతాయి, ఆ పట్టీల అమరికను బట్టి ఏదో తేల్చవచ్చు. సౌకర్యం ఉంటే గిష్ చేయండి. రై డీఎన్ఏకు మెరిసే గుర్తు తగిలించి స్లైడు మీద వేస్తే, రైవి ఒక రంగులో, గోధుమవి మరో రంగులో వెలుగుతాయి. ముక్క విరిగి అతుక్కున్నా దాగదు.

ఏడు రకాలూ ప్రతిసారీ చేతికి వస్తాయని అనుకోకండి. బార్లీని గోధుమలో చేర్చిన ఇస్లాం, షెపర్డ్, స్పారో 1981లో ఆరు జతలే పూర్తిచేయగలిగారు. 1హెచ్ అనే బార్లీ క్రోమోజోము చేరిన మొక్క గొడ్డుపోయింది. ఆ వైఫల్యం వల్లే ఆ క్రోమోజోము ఫలదీకరణకు అడ్డుపడుతుందని తెలిసింది. వరిలోనూ ఇదే పని చేశారు. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి క్రోమోజోములు ఒక్కొక్కటి చేరిన 25 క్రోమోజోముల మొక్కలను జెనా, ఖుష్ అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో తయారుచేశారు. సుడిదోమను తట్టుకునే గుణం సాగు వరిలోకి రావడానికి ఆ అడవి వరి ఒక మూలం.

ఇంకో జాగ్రత్త. లైన్ దొరికిందని గింజలు దాచి వదిలేయకండి. అదనపు జత ప్రతి తరంలోనూ కొన్ని మొక్కల్లో జారిపోతుంది. అది లేని మొక్కలు బలంగా పెరిగి ఎక్కువ గింజ కడతాయి. కొన్ని తరాల తర్వాత సంచి మీద అడిషన్ లైన్ అనే చీటీ ఉంటుంది, లోపల ఉన్నది మామూలు గోధుమ అయి ఉంటుంది. విత్తిన ప్రతిసారీ వేరు కొన చూడాల్సిందే.

అభ్యాసం

మూడు మొక్కలు ఇస్తున్నాను. ఒక్కొక్కదానిలో గోధుమవి ఎన్ని, రైవి ఎన్ని, రైవి ఒకే రకమా కాదా రాయండి.

క: వేరు కొనలో 44. చూసిన 60 కణాల్లోనూ 21 జతలు, 2 ఒంటరివి.

చ: వేరు కొనలో 44. 60లో 52 కణాల్లో 22 జతలు, మిగతా 8 కణాల్లో 21 జతలు, 2 ఒంటరివి. కాడ మీద నూగు ఉంది.

ట: వేరు కొనలో 42. అన్ని కణాల్లోనూ 20 జతలు, 2 ఒంటరివి. కాడ మీద నూగు ఉంది. 42 చూసి దీన్ని మామూలు గోధుమ అని పక్కన పెట్టేవారు చాలామంది. మీరు పెట్టకండి.

జవాబులు 5వ పాఠంలో. అదనపు క్రోమోజోము మొత్తం కాక, అందులోంచి ఒక చిన్న ముక్కను మాత్రమే గోధుమలోకి దింపడానికి సియర్స్ 1956లో ఎక్స్ కిరణాలను ఎలా వాడాడో అక్కడే చూద్దాం.