కర్నూలు ఎండకు సోలార్ ప్యానెల్ లెక్క వేయడం

ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద 540 వాట్లు అని ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఇంటాయన యాప్ తెరిచి, "ఇంత ఎండ కాస్తోంది, ప్యానెల్‌కు 400 చిల్లరే వస్తోందేంది?" అని ఫోన్ చేస్తాడు. కర్నూల్లో మిద్దెల మీద సోలార్ పెట్టే నాకు వేసవంతా ఇదే పంచాయితీ. అందుకే కొటేషన్‌తో పాటే ఈ లెక్క ఎక్సెల్‌లో వేసి చూపించేస్తాను.

స్టిక్కర్ మీది అంకె ల్యాబ్‌లో తీసింది. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు, సెల్ (ప్యానెల్‌లో కరెంట్ పుట్టించే ముక్క) వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి మాట అది. మన దగ్గర అంత ఎండలో సెల్ అంత చల్లగా ఎక్కడుంటుంది? కాబట్టి ముందు సెల్ వేడి కట్టాలి. డేటాషీట్‌లో ఎన్‌ఓసీటీ అని ఉంటుంది, అంటే 800 వాట్ల ఎండ, 20 డిగ్రీల గాలి ఉన్నప్పుడు బయట సెల్ ఎక్కే వేడి. 45 అనుకుందాం. అందులోంచి 20 తీసేసి, 800తో భాగించి, అప్పటి ఎండతో గుణించి, గాలి వేడికి కలపండి. గాలి 42, ఎండ 900 అయితే సెల్ 70 డిగ్రీలకు చేరుతుంది. ప్యానెల్‌ను మిద్దెకు ఆనించి పరిచారంటే కింద గాలి ఆడక ఇంకా ఎక్కుతుంది.

70 అంటే ల్యాబ్ 25కు పైన 45 డిగ్రీలు. డిగ్రీకి 0.35 శాతం చొప్పున పవర్ 15.75 శాతం పోతుంది. ఎండ 1000కి 900 కాబట్టి 540ని 0.9తో, వేడికి పోగా మిగిలిన 0.8425తో గుణిస్తే 409 వాట్లు. ప్యానెల్‌లో లోపమేమీ లేదు. ఏడాది మొత్తానికి కావాలంటే యూరోపియన్ కమిషన్ వాళ్ల పీవీజీఐఎస్ సైట్‌లో మన ఊరి ఎండ, గాలి వేడి గంటగంటకూ ఉచితంగా దొరుకుతాయి. ఎక్సెల్‌లో అదే సూత్రం కిందికి లాగేయడమే.

వేసవి కంటే చలికాలం లెక్కే నాకు ఎక్కువ టెన్షన్. చల్లబడితే వోల్టేజ్ పెరుగుతుంది. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (లోడ్ ఏదీ కలపనప్పటి వోల్టేజ్) 49.5 ఉన్న ప్యానెళ్లు 12 వరసగా కలిపితే 594. ఇన్వర్టర్ హద్దు 600 అయితే సరిపోయినట్టే కనిపిస్తుంది. జనవరి పొద్దున 12 డిగ్రీలు పెట్టి, డిగ్రీకి 0.27 శాతం చొప్పున పెంచి చూడండి: ఒక్కోటి 51.2, మొత్తం దాదాపు 615. ఇన్వర్టర్ పోయినట్టే, వారంటీ కూడా రాదు. 11తో ఆపాలి.

ఇంకా లోతుగా, మొత్తం కరెంట్-వోల్టేజ్ గీత కావాలంటే సెల్‌ను ఒక డయోడ్, రెండు రెసిస్టెన్స్‌లుగా చూసే సింగిల్ డయోడ్ మోడల్ వాడాలి. ఎండ పుట్టించే కరెంట్‌లోంచి రెండు తీసేయాలి: డయోడ్ గుండా పోయేది, షంట్ రెసిస్టెన్స్ (సెల్ లోపలి లీకు దారి) గుండా కారేది. సిరీస్ రెసిస్టెన్స్ (కరెంట్ వెళ్లే దారిలోని అడ్డు) వల్ల కరెంట్ సమీకరణానికి రెండు వైపులా వస్తుంది, నేరుగా తేలదు. అంకెలు మార్చి చూసి జవాబు వెతికే ఎక్సెల్ గోల్ సీక్‌కు అప్పగించండి, పైథాన్ వస్తే ఈ లెక్కలకు పీవీలిబ్ అనే లైబ్రరీ ఉంది. కుర్రాళ్లు తడబడేది సెల్స్ సంఖ్య దగ్గర. 144 హాఫ్‌కట్ (సగానికి కోసిన) సెల్స్ అంటే ప్యానెల్‌లో రెండు సగాలు ప్యారలల్‌లో ఉంటాయి, సిరీస్‌లో ఉండేవి 72 మాత్రమే. 144 వేస్తే గీత ఎక్కడికో పోతుంది.

లెక్క తయారయ్యాక మీటర్ రీడింగ్ పక్కన పెట్టి చూడండి. వోల్టేజ్ సరిగ్గా ఉండి కరెంట్ తగ్గిందా, దుమ్మే. బేతంచెర్ల వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల దగ్గరైతే ఆ తెల్లపొడి వాన పడ్డా పూర్తిగా వదలదు, కడగాల్సిందే. గీత చివర, వోల్టేజ్ ఎక్కువున్న చోట వాలు మెత్తబడితే సిరీస్ రెసిస్టెన్స్ పెరిగింది, ముందు కనెక్టర్లు పట్టి చూడండి. ఎండ వేళ ఓపెన్ సర్క్యూట్‌లో స్ట్రింగ్ (వరసగా కలిపిన ప్యానెళ్ల) వోల్టేజ్ లెక్క కంటే 14, 15 వోల్టులు తక్కువ చూపిస్తే ఒక ప్యానెల్‌లో మూడో వంతు పోయినట్టు. ఆ భాగానికి పక్కదారి ఇచ్చే బైపాస్ డయోడ్ షార్ట్ అయి ఉంటుంది. స్ట్రింగ్ విప్పి ఒక్కో ప్యానెల్ కొలిస్తే, వేడికి 49.5 నుంచి తగ్గి ఉండాల్సిన 43 బదులు 29 వోల్టులు చూపించేది ఏదో దొరికిపోతుంది.