మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని చదవడానికి ఎలా సిద్ధం చేయాలి?

పిల్లకి మూడేళ్లు నిండాయంటే చాలా ఇళ్లలో నోటుబుక్కు, పెన్సిలు బయటికి వస్తాయి. ‘అ’ మీద దిద్దించడంతోనే చదువు మొదలవుతుందని అనుకుంటాం. నిజానికి ఈ వయసులో చేతికి పని చెప్పడం ఆఖరున రావాలి. ముందు నోరు, చెవి, తర్వాత కన్ను, ఆపైన చెయ్యి. ఈ వరస తిరగబడితే పిల్లలు అక్షరాలు గడగడా అప్పజెప్పినా, వాటిని కలిపి ఒక మాటగా చదవమంటే బిక్కమొహం వేస్తారు. కింద చెప్పినవన్నీ ఇంట్లో రోజుకు పావుగంట, ఇరవై నిమిషాల్లో చేసుకోగలిగినవే. అన్నీ ఒకే రోజు చేయక్కర్లేదు.

1. ముందు మాటలు పెంచండి

పిల్లవాడు ఎప్పుడూ వినని మాటను తప్పుల్లేకుండా చదివినా దాని అర్థం వాడికి అందదు. అందుకే ఎన్ని మాటలు చెవిన పడితే, ముందుముందు చదువు అంత తేలికవుతుంది. దీనికి వేరే టైమ్ కేటాయించక్కర్లేదు. బట్టలు ఆరేస్తున్నప్పుడు ‘అది ఇలా ఇవ్వు’ అనకుండా ‘ఆ నీలం టవల్ ఇలా ఇవ్వు కన్నా, ఇంకా తడిగా ఉంది’ అనండి. వాడు ‘కారు పోయింది’ అంటే ‘అవును, ఎర్ర కారు రయ్యిమని వెళ్లి మలుపు తిరిగింది’ అని వాడి మాటనే కాస్త పొడిగించి చెప్పండి. తప్పు పట్టాల్సిన పని లేదు, సరైన మాట మీ నోట వింటే చాలు.

ప్రశ్న అడిగాక మాత్రం ఆగండి. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు ఆగితే జవాబు వాళ్ల దగ్గర్నుంచే వస్తుంది. మనం కంగారుపడి అందించేస్తాం, అక్కడే పిల్లల మాట ఆగిపోతుంది. ఇంట్లో మీకు ఏ భాష ధారాళంగా వస్తుందో ఆ భాషలోనే మాట్లాడండి.

2. బొమ్మల పుస్తకం పట్టుకుని కబుర్లు చెప్పండి

ఒక్క పనికే టైమ్ ఉందంటే నేను ఇదే చేయమంటాను. అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే సైకాలజిస్టు, ఆయన బృందం 1988లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు మూడేళ్ల పిల్లల తల్లిదండ్రుల్లో కొందరికి, కథ చదువుతూ మధ్యలో పిల్లల చేత మాట్లాడించడం నేర్పారు. మిగతావాళ్లు ఎప్పటిలాగే చదివి వినిపించారు. నెల తిరిగేసరికి మొదటి వర్గం పిల్లలు మాటల్లో స్పష్టంగా ముందున్నారు. ఆ పద్ధతినే డయలాజిక్ రీడింగ్ అంటున్నారు. ఇందులో పెద్దవాళ్లు చేసేవి నాలుగు: అడగడం, వచ్చిన జవాబును అందుకోవడం, దాన్ని పొడిగించడం, మళ్లీ పిల్లల చేత అనిపించడం.

పేజీలో మంచం కింద నక్కిన కుక్కపిల్ల బొమ్మ ఉందనుకోండి.

‘ఇది ఎక్కడ దాక్కుంది నాన్నా?’
‘మంచం.’
‘అవును, మంచం కింద. ఉరుముకి భయపడి మంచం కింద దాక్కుంది. ఎక్కడ దాక్కుంది?’
‘భయపడి మంచం కింద దాక్కుంది.’

ఒక్క మాటతో మొదలైన పిల్లవాడు అర నిమిషంలో పూర్తి వాక్యం చెప్పాడు. ఇలాంటివి ఒక కథకు రెండు మూడు చాలు. ప్రతి పేజీలోనూ ఆపి అడిగితే అది పరీక్షలా తయారై పిల్లలు పుస్తకం మూసేస్తారు. ‘ఇది కుక్కేనా?’ లాంటి ప్రశ్నకు తల ఊపితే సరిపోతుంది కాబట్టి ‘ఎందుకు ఏడుస్తోంది?’, ‘ఇప్పుడేం చేస్తుంది?’, ‘నీకెప్పుడైనా ఇలా భయం వేసిందా?’ అని అడగండి.

ఒకే పుస్తకాన్ని పదేపదే చదవమంటే విసుక్కోకండి. మొదటిసారి కథ తెలుస్తుంది, తర్వాత్తర్వాత మాటలు పట్టుబడతాయి, ఇంకొన్నాళ్లకు పిల్లలే పేజీ తిప్పుతూ మీకు కథ చెబుతారు.

3. చెవికి పని చెప్పే ఆటలు ఆడండి

రాతలో ఉన్నది మనం పలికే ధ్వనులేనని తెలియాలంటే, ముందు మాటలో ధ్వనులు విడివిడిగా వినిపించాలి. ఇసబెల్ లీబర్‌మన్ అనే అమెరికన్ పరిశోధకురాలు, ఆమె సహచరులు 1974లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లల మీద చేసిన అధ్యయనంలో, నాలుగేళ్లవాళ్లలో దాదాపు సగం మంది మాటను సిలబుల్స్‌గా, అంటే ఒక్క ఊపులో పలికే ముక్కలుగా విడగొట్టి, ముక్కకో దెబ్బ చొప్పున బల్ల మీద తట్టగలిగారు. ఆ ముక్కలోని ఒక్కో ధ్వనినీ (‘ప’లో ప్, అ లాగా) విడగొట్టగలిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. తెలుగు పిల్లలకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. మన అక్షరం ఇంచుమించు ఒక సిలబుల్‌తో సమానం. ‘పడవ’ అంటే మూడు చప్పట్లు, రాతలోనూ మూడు అక్షరాలే.

ఆటల వరస ఇలా పెట్టుకోండి. ముందు చప్పట్లు: ‘తల’కి రెండు, ‘పడవ’కి మూడు. అది వచ్చాక ప్రాస కలపడం: ఈగ–తీగ, గోడ–మేడ. తర్వాత మొదటి అక్షరం పట్టుకోవడం: ‘మ’తో మొదలయ్యేవి ఇంట్లో ఏమేం ఉన్నాయి? చివరగా తీసేయడం, తిప్పేయడం. ‘పడవలో ప తీసేస్తే?’ అని అడిగితే ‘డవ!’ అని పకపకా నవ్వుతారు. ‘తల’ను తిప్పితే ‘లత’ అవుతుందని ఐదేళ్ల పిల్ల తనంతట తాను కనిపెట్టిందంటే, చదవడానికి కావలసిన అసలు తెలివి వచ్చేసినట్టే. కాగితం, పెన్సిలు లేని ఆటలివి. బస్సులో కూర్చునీ ఆడుకోవచ్చు. ఒత్తులున్న మాటలు మాత్రం కొన్నాళ్లు ఆగి మొదలుపెట్టండి.

4. అచ్చు మీద చూపు పడేలా చేయండి

కథ చదివేటప్పుడు పిల్లల చూపు ఎక్కడుంటుందో పరిశోధకులు కెమెరాలతో గమనించారు. దాదాపు అంతసేపూ బొమ్మల మీదే ఉంది. అందుకే అప్పుడప్పుడు వాక్యం కింద వేలు పెట్టి జరుపుతూ చదవండి. ఎడమ నుంచి కుడికి వెళ్లడం, పంక్తి అయ్యాక కిందికి దిగడం, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండడం పెద్ద ఉపన్యాసం లేకుండానే తెలుస్తాయి. మీరు ఏదైనా లిస్టు రాస్తుంటే పక్కన కూర్చోబెట్టుకుని పైకి పలుకుతూ రాయండి.

5. అక్షరాలు పిల్లల పేరుతో మొదలుపెట్టండి

అమెరికాలోని నేషనల్ ఎర్లీ లిటరసీ ప్యానెల్ అనే నిపుణుల బృందం 2008 నివేదిక ప్రకారం, అక్షరాలు, వాటి ధ్వనులు తెలియడం, తన పేరు రాయగలగడం ముందుముందు చదువు ఎలా సాగుతుందో చెప్పే గుర్తుల్లో ఉన్నాయి. కాబట్టి పేరుతో మొదలుపెట్టడం అన్ని విధాలా మంచిది. కమలకి క, మ, ల తన సొంతం అనిపిస్తాయి. తర్వాత అమ్మ, నాన్న, అక్క పేర్లలోని మొదటి అక్షరాలు చూపించండి.

వర్ణమాల వరసలోనే పోవాలన్న పట్టుదల వద్దు. ఆ వరసలో ఋ ముందే వచ్చేస్తుంది, రోజూ కావలసిన ర, ల చివరెక్కడో ఉంటాయి. ప, వ, మ లాగా చూడ్డానికి దగ్గరగా ఉన్నవాటిని ఒకే వారం చెప్పకండి. ఒకటి గట్టిపడ్డాకే రెండోది. నాలుగైదు అక్షరాలు రాగానే గుణింతాల జోలికి పోకుండా వాటితోనే తల, వల, పడవ లాంటి మాటలు చదివించండి. నాలుగేళ్లకు పది పదిహేను అక్షరాలు నిజంగా గుర్తుపట్టి వాడగలిగితే అది మంచి ప్రగతి అని నా అభిప్రాయం.

6. రాయడం చేతి సత్తువను బట్టి

చాలామంది పిల్లలు మూడేళ్లకు గుండ్రం గీయగలుగుతారు, నాలుగేళ్లకు కూడిక గుర్తు, ఐదేళ్ల దగ్గర త్రిభుజం. మన అక్షరాల మెలికలు వీటికంటే కష్టం. కాబట్టి ముందు ముద్దలు పిసకడం, కాగితాలు చింపడం, పొట్టి క్రేయాన్లతో గీయడం జరగాలి. క్రేయాన్ పొట్టిగా ఉంటే పిడికిలితో పట్టడానికి వీలుకాక వేళ్లతోనే పట్టుకుంటారు. ఎడమ చేత్తో గీస్తుంటే మార్పించకండి.

పిచ్చిగీతలు గీసి తెస్తే ‘ఏం రాశావమ్మా?’ అని అడిగి, చెప్పింది చెప్పినట్టు కింద రాసి చదివి వినిపించండి. చుక్కల మీద దిద్దించడం తగ్గించి, చూసి సొంతంగా వేయనివ్వండి, వంకరగా వచ్చినా సరే. కారిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ అనే పరిశోధకులు, ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లల మెదడు స్కానింగ్‌లతో 2012లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లలు సొంతంగా రాసిన అక్షరాలను చూసినప్పుడు చదవడానికి సంబంధించిన మెదడు భాగాలు చురుగ్గా పనిచేశాయి. టైప్ చేసిన, దిద్దిన అక్షరాలకు అలా జరగలేదు.

ఫోన్ సంగతి

ఫోన్, టీవీ కలిపి మూడు, నాలుగేళ్ల వయసువాళ్లకు రోజుకు గంట దాటకూడదని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అక్షరాల పాటలు పెట్టినా పక్కన కూర్చుని మాట కలపండి.

డాక్టర్‌ని ఎప్పుడు కలవాలి?

రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనకపోయినా, మూడేళ్లు దాటాక కూడా బయటివాళ్లకు మాట చాలావరకు అర్థం కాకపోయినా, పిలిస్తే పలకకపోయినా టెన్షన్ పడుతూ ఎదురుచూడకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. చెవిలో మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వచ్చే పిల్లలకు ధ్వనులు సరిగ్గా వినపడకపోవచ్చు. పుస్తకాన్ని మరీ ముఖానికి దగ్గరగా పెట్టుకుంటుంటే కళ్లు కూడా చూపించండి.