కర్టెన్ రాడ్డు ఊడి రాకుండా బిగించాలంటే

ఊడిపడిన కర్టెన్ రాడ్డును ఒకసారి పరిశీలించండి. పైపు బాగానే ఉంటుంది, బ్రాకెట్టూ బాగానే ఉంటుంది. గోడలో మాత్రం రూపాయి బిళ్లంత గుంట పడి, చుట్టూ ప్లాస్టరింగు రాలిపోయి ఉంటుంది. ప్లాస్టరింగు మందం అర అంగుళం, మహా అయితే ముప్పావు. స్క్రూ పట్టు అందులోనే ఆగిపోతే ఎంత ఖరీదైన రాడ్డయినా నిలవదు. స్క్రూ పట్టు కోసం బెజ్జంలో దిగగొట్టే ప్లాస్టిక్ ప్లగ్గు ఆ పొరను దాటి ఇటుకలోకో కాంక్రీటులోకో వెళ్లాలి. ఈ పనంతటికీ ప్రాణం అక్కడే ఉంది.

నిజానికి కర్టెన్ బరువు పెద్ద లెక్కలోది కాదు. 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవున్న మామూలు గుడ్డ తెర అరకిలో నుంచి ముప్పావు కిలో తూగుతుంది. రాడ్డును పడగొట్టేది లాగుడు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక తెర తెరచాపలా ఉబ్బుతుంది, పిల్లలు పట్టుకుని ఊగుతారు, పెద్దవాళ్లు జర్రున పక్కకు గుంజుతారు. బ్రాకెట్టు గోడ నుంచి 3 అంగుళాలు ముందుకు పొడుచుకు వచ్చి, పై స్క్రూకీ కింది స్క్రూకీ మధ్య అంగుళంన్నరే ఉంటే, కిందికి 5 కిలోల లాగుడు పై స్క్రూ దగ్గరకొచ్చేసరికి దాదాపు 10 కిలోలవుతుంది. అందుకే ఎప్పుడూ ముందు పై స్క్రూనే ఊడి వస్తుంది. కొనేటప్పుడు అడుగు బిళ్ల పొడవుగా ఉండి, స్క్రూ బెజ్జాలు దూరంగా ఉన్న బ్రాకెట్టు ఏరుకోండి.

ఏ పైపు తీసుకోవాలి

షాపుల్లో ముప్పావు అంగుళం, అంగుళం పైపులు రెండూ ఉంటాయి. అంగుళం పైపే తీసుకోండి. రేకు మందం ఒకటే అయినా అంగుళం పైపు వంపును రెండు రెట్లకు పైగా తట్టుకుంటుంది. రేకు 1 మి.మీ. దగ్గర ఉంటే మంచిది. ఒకదానిలోంచి ఒకటి సాగే రాడ్లు మాత్రం వద్దు. లోపలి పైపు సన్నం, అతుకు దగ్గర మెట్టులా ఉండి రింగు తట్టుకుంటుంది, వంగేదీ అక్కడే. కొలత చెప్పి ఒకే ముక్కగా కోయించుకుని, కోసిన అంచును ఆకురాయితో రుద్దండి.

ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లోని కొత్తపట్నం, పాకల, తుమ్మలపెంట, మైపాడు లాంటి తీరపు ఊళ్లలో అసలు శత్రువు ఉప్పుగాలి. క్రోమ్ పూత వేసిన ఇనుప పైపు పైకి తళతళలాడుతుంది గానీ, కోసిన అంచు నుంచీ లోపలి నుంచీ తుప్పు మొదలై తెరమీద ఎర్ర మరకలు దిగుతాయి. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే అది ఇనుమే. పట్టుకోకపోయినంత మాత్రాన నిశ్చింత లేదు. స్టెయిన్‌లెస్ స్టీలులో 202 రకానికీ 304 రకానికీ అయస్కాంతం పెద్దగా అంటుకోదు, కానీ ఉప్పుగాలికి 202 త్వరగా మచ్చలు పడుతుంది. బిల్లు మీద 304 అని రాయించుకోండి, స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్‌వే తీసుకోండి. అల్యూమినియంకు ఎర్రతుప్పు రాదు, అయితే అదే కొలత స్టీలు పైపు కంటే మూడు రెట్లు వంగుతుంది. వాడితే 4 అడుగులకొక బ్రాకెట్టు ఇవ్వండి. ఉదయగిరి, ఆత్మకూరు వైపు లోపలి ఊళ్లకు పౌడర్ కోటింగు వేసిన ఇనుప పైపు చాలు.

కిటికీ వెడల్పుకు రెండు పక్కలా 6 అంగుళాలు కలపండి. 4 అడుగుల కిటికీకి 5 అడుగుల రాడ్డు. అలా ఉంటే తెర తీసినప్పుడు గుడ్డ గోడ మీదికి చేరి, వెలుతురుకు అడ్డం రాదు. 5 అడుగులు దాటితే మధ్యలో మూడో బ్రాకెట్టు తప్పదు. మొత్తం బరువు మారకపోయినా, రెండు ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే వంపు 8 రెట్లవుతుంది. మధ్య బ్రాకెట్టును రింగుల తెర దాటలేదు గనక అటొకటి ఇటొకటి జత తెరలు వేసుకోవాలి.

గోడలో ఏముందో పొడి చెబుతుంది

కిటికీ పైన 4 నుంచి 6 అంగుళాల ఎత్తులో రాడ్డు చూడ్డానికి బాగుంటుంది. చిక్కల్లా, సరిగ్గా అక్కడే లింటెల్, అంటే కిటికీ మీద అడ్డంగా పోసే కాంక్రీటు దూలం ఉంటుంది. డ్రిల్లు మొదట ప్లాస్టరింగు బూడిదరంగు పొడి తీస్తుంది. ఆ తర్వాత ఎర్రపొడి వస్తే ఇటుక. బూడిదరంగే కొనసాగుతూ బిట్టు మొరాయిస్తే కాంక్రీటు, డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో (తిరుగుతూనే సుత్తిలా కొట్టేలా) పెట్టండి. బూడిదరంగులోనే సులువుగా దిగితే ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఇటుక. తేలికైన, తెల్లటి పొడి మెత్తగా రాలితే అది ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మె. అందులో హ్యామర్ వాడితే బెజ్జం గుల్లయిపోతుంది. మామూలు తిప్పుడుతోనే వేసి, ఆ బ్లాకులకని అమ్మే పొడవైన మరల ప్లగ్గు పెట్టాలి.

అంగుళంన్నర లోతులో బిట్టు ఠంగుమని ఆగిపోతే లింటెల్ కడ్డీ తగిలినట్టు. మొండిగా తోస్తే బిట్టు మొన పోతుంది. బ్రాకెట్టును అంగుళం పైకో కిందికో జరపండి. రెండో వైపును కూడా అంతే జరపడం మరవకండి.

చీమకుర్తి గ్రానైటుతో కిటికీ చుట్టూ ఫ్రేము కట్టించుకున్న ఇళ్లు మన ప్రాంతంలో చాలానే ఉన్నాయి. ఆ రాయి అంచుకు దగ్గరగా డ్రిల్లు పెడితే పెచ్చు లేచిపోతుంది, దాన్ని ఏ మేస్త్రీ కూడా అతికించలేడు. రాయికి కనీసం 2 అంగుళాల ఎడంగా గోడలోనే వేయండి. స్విచ్‌బోర్డుకూ ఏసీ పాయింటుకూ నిట్టనిలువుగా పైన వైర్ల పైపు ఉంటుందనుకోండి. అక్కడ బెజ్జం వద్దు.

బిగించడం

కావలసినవి: 8 మి.మీ. గోడ బిట్టు, బ్రాకెట్టు బెజ్జాల లెక్కకు సరిపడా 8 × 40 మి.మీ. నైలాన్ ప్లగ్గులు, అన్నే 5 × 60 మి.మీ. స్క్రూలు, రసమట్టం, టేపు, కళ్లద్దాలు. డబ్బాలో వచ్చే అంగుళం స్క్రూలు పక్కన పడేయండి. అవి ప్లాస్టరింగు దాటి ఇటుకలోకి పోయేది ఏమంత లేదు.

ముందు ఒక బ్రాకెట్టు చోటు పెన్సిలుతో గుర్తించి, రసమట్టంతో రెండోది గుర్తించండి. రసమట్టం పొట్టిదైతే సన్నటి పైపులో నీళ్లు పోసి మేస్త్రీలు చూసే లెవెల్ ఇంకా నమ్మకం. కిటికీయే అర అంగుళం వాలి ఉంటే, సరైన మట్టానికి బిగించిన రాడ్డే వంకరగా కనిపిస్తుంది. అప్పుడు తేడాను సగానికి పంచండి.

గుర్తు మీద మేకుతో చిన్న గంటు పెడితే బిట్టు జారదు. బిట్టు మొన నుంచి రెండున్నర అంగుళాల దగ్గర టేపు చుట్టండి, లోతు తెలుస్తుంది. ప్లాస్టరింగు దాటేవరకు హ్యామర్ లేకుండా నెమ్మదిగా తిప్పండి, లేదంటే పెచ్చులూడుతుంది. డ్రిల్లును ఊపకూడదు, వంచకూడదు. 8 మి.మీ. బెజ్జం 10 మి.మీ. అయ్యేది అందువల్లే. బెజ్జంలోని పొడిని సైకిలు పంపుతో ఊదెయ్యండి. ఈ ఒక్క పని చాలామంది వదిలేస్తారు, పొడిలో కూర్చున్న ప్లగ్గు స్క్రూతోపాటు తిరుగుతూ ఉంటుంది.

ప్లగ్గును గోడ మట్టానికి ఆపకండి. పాత స్క్రూ ఆనించి, ఇంకో అర అంగుళం లోపలికి తట్టండి. అప్పుడే అది ఇటుకలో విచ్చుకుంటుంది. పైనే ఆపితే ప్లాస్టరింగులో విచ్చుకుని దాన్ని పగలగొడుతుంది. స్క్రూను చివరి నాలుగు చుట్లు చేత్తో బిగించండి. మిషనుతో బిగిస్తే ప్లగ్గు లోపలి మరలు చితికిపోతాయి.

తెర తగిలించే ముందు ఒక్కో బ్రాకెట్టుకు 5 లీటర్ల నీళ్ల క్యాను కట్టి పది నిమిషాలు వదిలేయండి. వెంట్రుకంత సందు కనిపించినా విప్పి మళ్లీ చేయాలి. రాడ్డు పెట్టాక తెర చివరి రింగును బ్రాకెట్టుకూ రాడ్డు కొసకు తొడిగే నాబ్‌కూ మధ్యన ఉంచండి, తెర కొస కదలకుండా ఉంటుంది. నాబ్ పక్కనుండే చిన్న అలెన్ స్క్రూ కూడా బిగించాలి. గాలికి ఊడి తలమీద పడేది ఆ నాబే.

గుమ్మం కర్టెన్‌కు ఇంత పని లేదు. చెక్క ద్వారబంధమైతే 3 మి.మీ. బిట్టుతో దారి వేసి, అంగుళంన్నర చెక్క స్క్రూ ఎక్కించండి. దారి వేయకుండా ఎక్కిస్తే వేపచెక్క చీలుతుంది.

ఇప్పటికే బెజ్జం గుల్లయిపోయి ఉంటే అగ్గిపుల్లలూ కాగితాలూ కుక్కొద్దు, నెలలోపే మళ్లీ వదులవుతుంది. బెజ్జాన్ని 10 మి.మీ.కు పెంచి ఆ సైజు ప్లగ్గు వేయండి. పాత సున్నపు గోడల్లో అదీ నిలవకపోతే, టేకుచెక్క బిరడా చెక్కి, ఎపాక్సీ పుట్టీ పూసి దిగగొట్టండి. ఒక రోజు ఆగి, ఆ చెక్కలోకి స్క్రూ ఎక్కించండి.