శీలావతి మేతలో సుబాబుల్ ఆకు కలిపే పద్ధతి

కొల్లేరు చుట్టుపక్కల శీలావతి (రోహు), బొచ్చె (కట్ల) చేపలు పెంచే చెరువులలో మేత అంటే ప్రధానంగా నూనె తీసిన తవుడు, దానికి తోడు కొంత వేరుశనగ చెక్క లేదా పత్తి చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి). వీటిలో ఖరీదైనది చెక్క, మాంసకృత్తులను ఎక్కువగా అందించేదీ అదే. చెట్ల ఆకుతో తగ్గించగలిగేది ఈ చెక్కలో, తవుడులో కొంత భాగాన్ని మాత్రమే. ఆకుతోనే చేపలను పెంచవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఎండిన సుబాబుల్ ఆకులోనూ మునగాకులోనూ నూటికి సుమారు 22 నుంచి 25 పాళ్లు మాంసకృత్తులు ఉంటాయి. మునగాకు మంచిదే గాని, దానికి మనుషుల నుంచే గిరాకీ ఉంది. పైగా గొంగళి పురుగు కోసం మందు కొట్టిన తోటల ఆకు చెరువుకు పనికిరాదు. కాగితపు మిల్లుల కోసం సుబాబుల్ వేసిన ప్రకాశం, గుంటూరు, కృష్ణా ప్రాంతాలలో కర్ర నరికే సమయంలో ఆకు తేలికగా దొరుకుతుంది.

అయితే సుబాబుల్‌లో మిమోసిన్ అనే హానికర పదార్థం ఉంది. శుద్ధి చేయని ఆకును ఎక్కువగా పెడితే చేపల ఎదుగుదల మందగిస్తుంది. ఇది లేత చిగుళ్లలోనూ గింజలలోనూ ఎక్కువ కాబట్టి చిగుళ్లను, కాయలను ఏరివేసి ముదిరిన ఆకునే తీసుకోవాలి. మిమోసిన్ నీటిలో కరుగుతుంది గనుక రెమ్మల నుంచి దూసిన ఆకును తొట్టిలో మునిగేలా పోసి, పైన బరువు పెట్టి, రెండు రోజులు నానబెట్టాలి. మధ్యలో నీటిని రెండు మూడు సార్లు మార్చాలి. ఆ పసరు నీటిని చెరువులోకి వదలకూడదు. నానబెట్టినప్పుడు కొన్ని పోషకాలు కూడా నీటితో పోతాయి, కానీ ఆ నష్టాన్ని భరించక తప్పదు.

నీరు వడకట్టిన ఆకును గాలి ఆడే నీడలో పలుచగా పరచి, రోజుకు రెండుసార్లు తిరగేస్తూ ఆరబెట్టాలి. గుప్పిట పట్టి నలిపితే ఆకు గలగలమంటూ పొడి కావాలి. మెత్తగా అణిగితే తడి ఇంకా పోలేదని అర్థం. అలాంటి ఆకును సంచికెత్తితే బూజు పడుతుంది, బూజు పట్టినదాన్ని ఎంత ఎండబెట్టినా మేతలో కలపరాదు. నాలుగు కిలోల పచ్చి ఆకుకు సుమారు ఒక కిలో ఎండు ఆకు వస్తుంది. దానిని పిండి మరలో మెత్తగా ఆడించి జల్లించాలి, ఎందుకంటే ముతక పొడి నీటిపై తేలిపోయి వృథా అవుతుంది.

ఇక పాళ్లు. 75 కిలోల తవుడు, 25 కిలోల వేరుశనగ చెక్క కలిపే రైతు, 70 కిలోల తవుడు, 20 కిలోల చెక్క, 10 కిలోల ఆకు పొడి కలుపుకోవచ్చు. తవుడులో 15 శాతం, చెక్కలో 42 శాతం, ఆకు పొడిలో 24 శాతం మాంసకృత్తులు ఉన్నాయనుకుంటే, మొదటి మిశ్రమంలో 21.75 శాతం, రెండవదానిలో 21.3 శాతం వస్తాయి. ఈ కాస్త తేడాకు ఐదు కిలోల చెక్క, ఐదు కిలోల తవుడు మిగులుతాయి. నూటికి పది పాళ్లు దాటకపోవడమే క్షేమం. మొదటి రెండు వారాలు ఐదు పాళ్లతో మొదలుపెట్టి, చేపలు తింటున్నాయని తేలాక పెంచాలి. కూలి ఇచ్చి ఆకు దూయించవలసి వస్తే ఈ ఆదా మిగలదు. ఇంటి మనుషులే చేసుకునే చిన్న చెరువులకే ఇది గిట్టుబాటు.

మిశ్రమానికి కొద్దిగా గంజి చేర్చి ముద్దగా కలిపి, అడుగున రంధ్రాలు చేసిన సంచులలో నింపి, ఎప్పటిలాగే వెదురు గడలకు కట్టాలి. రెండు గంటల తరువాత సంచిని పైకి లాగి, తవుడు పోయి ఆకుపచ్చని ముద్ద మాత్రమే అడుగున మిగిలిందేమో చూడాలి. అలా మిగిలితే ఆకు పాలు తగ్గించాలి. మిగిలిన మేత కుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది కనుక, చేపలు తెల్లవారుజామున పైకి తేలి నోళ్లు తెరుస్తున్నప్పుడు ఆ రోజు మేత ఆపివేయడమే మంచిది.

పచ్చి కొమ్మలను నేరుగా చెరువులో పడవేసే అలవాటు కొందరికి ఉంది. పచ్చి ఆకును కొరికి తినేది గడ్డి చేప. శీలావతి, బొచ్చె ఉన్న చెరువులో ఆ కొమ్మలు కుళ్లడమే జరుగుతుంది. గన్నేరు వంటి విషపు చెట్ల ఆకు పొరపాటున కూడా కలవకుండా ఏరుకోవాలి. నర్సరీలోని చిరుపిల్లలకు ఈ మేత వాడకూడదు, వాటికి తేలికగా అరిగే చెక్కపొడి, తవుడే పెట్టాలి.