ఆకులు విడిపోని పుస్తకాన్ని పాడుచేయకుండా ఎలా విప్పాలి?

ఇంగ్లండు కవి, డిజైనరు విలియం మోరిస్ 1894లో తన కెల్మ్‌స్కాట్ ప్రెస్‌లో అచ్చువేసిన ‘ఆమిస్, అమీల్’ స్నేహగాథ మీ చేతికి వచ్చిందనుకోండి. 13వ శతాబ్దపు ఫ్రెంచి వచన కథ. ఇంగ్లీషు అనువాదం మోరిస్‌దే. చిన్న పుస్తకం, కాగితం మీద వేసినవి 500 ప్రతులే. పెద్ద కాగితాన్ని మడిచి కుట్టి, అంచులు కోయకుండానే అమ్మారు కాబట్టి కొన్ని ఆకులు పైన, కొన్ని పక్కన, కొన్ని రెండు చోట్లా ఇంకా కలిసే ఉంటాయి. సరిగ్గా ఇక్కడే మనవాళ్ళు చూపుడువేలు దూర్చి చర్రున లాగుతారు.

ముందు అసలు విప్పాలా వద్దా తేల్చుకోండి. విప్పని ప్రతికి సేకర్తలు ఎక్కువ ధర ఇస్తారు, అమ్మేవాళ్ళు ముట్టుకోకండి. కథను వదిలేసి మడతలకు వెల కట్టడం మాత్రం నాకు ఎన్నడూ మింగుడుపడలేదు.

కావలసింది ఎముకతోనో గట్టి చెక్కతోనో చేసిన పలచటి, మొద్దు అంచు కత్తి. బ్లేడు వద్దు, దారి తప్పి పుటలోకి దిగుతుంది. విజిటింగు కార్డు వద్దు, స్కేలు వద్దు, కత్తెర అసలే వద్దు. మడతను తడిపి విడదీయమని చెప్పేవాళ్ళున్నారు. ఎండాక అంచున మరక మిగులుతుంది, వాళ్ళ మాట వినకండి. చేతులు కడిగి తుడుచుకోండి. అట్టలకు రెండు వైపులా మడిచిన తువ్వాలు పెట్టి, పుస్తకాన్ని సగమే తెరవండి. నూరేళ్ళు దాటిన వెన్ను పూర్తిగా పరిస్తే విరుగుతుంది.

పై మడతలు ముందు, పక్క మడతలు తరువాత. ఇందులో బేరం లేదు. పక్క అంచు కలిసి ఉన్నంతసేపు ఆకులు కదలకుండా నిలుస్తాయి. కత్తిని మడత లోపలికి ఆనించి, కాగితానికి దాదాపు సమాంతరంగా పట్టుకోండి. చిన్న చిన్న తోపులతో, మీ నుంచి బయటికి కోయండి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

పని చెడేది వెన్ను దగ్గర, చివరి అంగుళంలో. కత్తి తిరగడానికి చోటు ఉండదు, చేయి అలిసి ఉంటుంది, ‘ఇక చాల్లే’ అనిపిస్తుంది. ఆ కొస అలా వదిలేస్తే, చదువుతూ ఆకు తిప్పినప్పుడు దానంతటదే చిరుగుతుంది. యంత్రపు కాగితంలో నారలు ఎక్కువగా ఒకే వైపు సాగుతాయి, చిరుగు కూడా చాలావరకు ఆ దారే పడుతుంది. ఈ పుస్తకానిది కెంట్‌లో జోసెఫ్ బాచెలర్ చేయించిన చేతి కాగితం, లినెన్ గుడ్డపీలికలతో తయారైంది. నారలు అన్ని వైపులా అల్లుకుని ఉంటాయి. చిరుగు ఎటు పోతుందో చెప్పలేం.

పైగా మోరిస్ పుటలో లోపలి మార్జిన్ అన్నిటికంటే సన్నం, దాని తరువాత పైది, ఆపైన పక్కది. అన్నిటికంటే వెడల్పు కిందిది. అంటే వెన్నూ పై అంచూ కలిసే ఆ మూలనే అక్షరాలు అంచుకు అతి దగ్గరగా ఉంటాయి. అందుకని చివరి అంగుళానికి ముందు ఆగండి. ఊపిరి తీసుకోండి. ఎడమ చేతి వేళ్ళతో కింది ఆకును చదునుగా అదిమి, కత్తి కొసను మడతలోనే ఉంచి, కుట్టు కనిపించేదాకా నూలుపోగంత నూలుపోగంతగా జరపండి. కత్తి ఆగిందంటే బలం పెట్టకండి. వెనక్కి తీసి కోణం మార్చండి. దారాన్ని తాకవద్దు. మోరిస్ ఈ కథను ఒకటింబావు రోజులో అనువదించాడంటారు. ఆ వేగం ఆయనకే వదిలేయండి.

పక్క మడతలు తేలిక, కింది నుంచి పైకి కోయండి. ఒక్కసారి కూర్చుంటే ఒక కుట్టు మడతకు, అంటే కలిపి కుట్టిన ఒక ఆకుల కట్టకు, మించి చేయకండి.

కోసిన అంచు కాస్త నూగుగా ఉంటుంది. అది అలాగే ఉండాలి. మెత్తని కుంచెతో పీచు దులిపి మూసేయండి. ఎప్పుడైనా బైండింగుకు ఇస్తే ‘అంచులు కోయవద్దు’ అని పెద్ద అక్షరాలతో చీటీ రాసి లోపల పెట్టండి, నోటితోనూ చెప్పండి. చెప్పకపోతే వాళ్ళు మూడు వైపులా మిషనుకు పెడతారు.