ఐస్‌లాండ్ వెళ్తున్నారా? సముద్రానికి వీపు తిప్పకండి

2025 ఆగస్టులో రేనిస్‌ఫ్యారా బీచ్‌లో అల లాక్కుపోయి తొమ్మిదేళ్ళ పాప చనిపోయింది. ఆ తర్వాత కూడా అక్కడ అలలకు వీపు పెట్టి నవ్వుతూ దిగిన ఫొటోలు వస్తూనే ఉన్నాయి. నార్తర్న్ లైట్స్ (రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు) కోసం చలికాలం టికెట్లు తీసుకున్నవాళ్ళకి ఇది రాస్తున్నాను. స్వెటర్లు, బూట్ల సంగతి మీకు తెలిసిందే.

అక్కడి నల్ల ఇసుక, బసాల్ట్ (లావా చల్లారి గట్టిపడ్డ రాయి) స్తంభాలు అగ్నిపర్వతాల పనే, గుహని తొలిచింది అలలు. అందరూ ఆ స్తంభాల ముందే ఫొటో దిగుతారు. కాసేపు చిన్న అలలు వచ్చి దూరంగానే ఆగిపోతాయి. ఇక్కడింతే కాబోలు అనుకుని రెండడుగులు ముందుకేసి, కెమెరా వైపు తిరుగుతారు. ప్రాణం తీసేది ఆ తిరగడమే. ఆ తర్వాతి అల ఏకంగా స్తంభాల మొదట్లోకి వచ్చేస్తుంది. ఒడ్డు ఒక్కసారిగా లోతుకి దిగిపోతుంది కాబట్టి అల జోరు ముందే తగ్గదు. మోకాలి లోతు నీళ్ళు చాలు. వెనక్కి పోతూ కాళ్ళకింది గులకరాళ్ళని లాగేస్తాయి, మనిషి కూలబడతాడు, తడిసిన జాకెట్ లేవనివ్వదు. గుహలో ఉంటే వెనక రాతిగోడ, పరిగెత్తే దారే ఉండదు.

అందుకే సముద్రానికి వీపు తిప్పొద్దు. దారిలో హెచ్చరిక లైట్లున్నాయి, ఎర్రది వెలిగితే బీచ్‌లోకి దిగొద్దు. ఎర్రది లేకపోయినా వీపు తిప్పొద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు. ఎవరైనా కొట్టుకుపోతే వెంట దూకొద్దు, 112కి ఫోన్ చెయ్యండి.

దక్షిణ తీరంలోని సోల్‌హైమాసాందుర్‌లో 1973లో కూలిన అమెరికా నేవీ విమానం ఉంది. నడిచి వెళ్ళాలంటే ఒకవైపే 4 కిలోమీటర్ల దాకా, చెట్టూ గోడా లేని మైదానం. 2020 జనవరిలో ఇద్దరు ఆ దారిలోనే చనిపోయారు. తుపాను హెచ్చరిక ఉంటే మానేయండి.

బ్లూ లగూన్ అనే వేడినీళ్ళ స్నానాల కొలను భూతాప విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే నీళ్ళతో ఏర్పడింది. 2023 చివర్నుంచి దాని చుట్టుపక్కల లావా పదేపదే పైకొచ్చింది. ఖాళీ చెయ్యమంటే తడిబట్టలతోనైనా బయల్దేరండి.

కొత్త లావా మీద కాలు పెట్టొద్దు, పైన నల్లబడినా లోపల ఎర్రగానే ఉంటుంది. వేడినీళ్ళు పైకి చిమ్మే స్ట్రోక్కుర్ ఊట దగ్గర తాడు దాటొద్దు, ఆ నీళ్ళు మరుగుతుంటాయి. వెచ్చటి రోజుల్లో గైడ్ రమ్మన్నా మంచుగుహలోకి పోవద్దు. 2024 ఆగస్టులో మంచు విరిగిపడి చనిపోయిన మనిషి గైడ్ తీసుకెళ్ళిన బృందంలోనే ఉన్నాడు. గాలి లాగెయ్యకుండా కారు తలుపు రెండు చేతులతో పట్టుకుని తియ్యండి. రోడ్డు మూసేశామన్న బోర్డు దాటొద్దు. ఆకాశంలో వెలుగు కనిపించిందని హైవే మీద కారు ఆపొద్దు. గాలి హెచ్చరిక వస్తే హోటల్ డబ్బులు పోయినా సరే, ఉన్నచోటి నుంచి కదలొద్దు.